సైకిళ్ల సాకు

మా పెళ్లయిన పదమూడేళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లినవి రెండే రకాల చోట్లు. ఒకటి దవాఖానా, రెండోది గుడి. మధ్యలో ఒకసారి దర్గాకి కూడా వెళ్లాం కానీ, అక్కడ క్యూలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు ఖమ్మంలో ఒక డాక్టరమ్మ అడ్రసు చెబితే అటునుంచి అటే అక్కడికి పోయాం కాబట్టి దాన్ని విడిగా లెక్కపెట్టను. పిల్లలు లేకపోవడమన్నది మా ఇంట్లో అందరికీ ఒక డ్యూటీ. సెలవులుండవు, రిటైర్మెంట్ ఉండదు. శనివారాలు ఇంటిల్లిపాదీ ఉపవాసం. ఏ చెట్టుకు ఉయ్యాల కడితే ఫలిస్తుందంటే ఆ చెట్టుకు కట్టాను. నేను కట్టిన గుడ్డ ఉయ్యాలలన్నీ విప్పి తెస్తే మా కాలనీ దవాఖానాలో కాన్పుల వార్డుకు ఏడాది పాటు సరిపోతాయి.

అందుకని నాకు ఒక్క కోరిక మిగిలింది. ఒక్కసారి, ఒక్క ప్రయాణం, మేమిద్దరమే, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లి రావాలి. దేవుడి మీద కోపమేం లేదు. అడిగి అడిగి నాకు విసుగొచ్చింది. వింటున్నందుకు ఆయనకూ వచ్చే ఉంటుంది.

అప్పట్లో నేను పినపాక హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన మణుగూరు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. కంపెనీ క్వార్టర్లో మేమిద్దరం, మా అత్తమ్మ ఉండేవాళ్లం. రాష్ట్రం ఇంకా ఒకటిగా, జిల్లా ఇంకా ముక్కలు కాకుండా ఉన్న రోజులు. రిటైరై ఊరు విడిచిపోతున్న ఒక ఫోర్‌మన్ దగ్గర మా ఆయన ఒక పాత మారుతి కారు కొన్నాడు. తెల్ల కారే. మా ఊరి దుమ్ములో ఆ సంగతి ఆర్సీ బుక్కు తెరిచి చూస్తే తప్ప తెలిసేది కాదు.

కారొచ్చింది కదా, ఇద్దరం తిరగొచ్చనుకున్నాను. బుద్ధి తక్కువ. మా వాళ్లలో బండి ఖాళీ సీటుతో కదలడమంటే వండిన అన్నం పెంట మీద పోసినంత తప్పు. ఎటు పోతున్నారని ఎవరూ అడగరు, ఇంకా ఎంతమంది పడతారని అడుగుతారు. నలుగురు కూర్చునే ఆ కారులో ఎనిమిది మందిమి ఒక మేకపోతుతో సహా మేడారం పోయివచ్చాం. ముందు సీటు అత్తమ్మది. నాది వెనక సీట్లో, కొత్తగూడెంలో ఉండే మా ఆడబిడ్డ పక్కన, ఆమె సంచి కింద. కారెక్కిన ప్రతివాళ్లూ దిగేలోపు నా కడుపు గురించి ఒక సలహా చెప్పేవాళ్లు. కిరాయి కింద అది ఇచ్చి దిగుతున్నారని అనుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక చలికాలం పొద్దున పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త పడింది. ప్రొఫెషనల్ సైకిల్ రేసు ఒకటి మా జిల్లా మీదుగా పోతోందట. విదేశాల వాళ్లు కూడా ఉన్నారట. మొదటి రోజు ఖమ్మం నుంచి ఇల్లందు మీదుగా కొత్తగూడెం, రెండో రోజు కొత్తగూడెం నుంచి భద్రాచలం, మూడో రోజు భద్రాచలం నుంచి చింతూరు మీదుగా ఘాట్ రోడ్డెక్కి రాజమండ్రి. మా ఆయన ఆ నాలుగు లైన్లూ మూడుసార్లు చదివి, చాయ్ చల్లారబెట్టుకున్నాడు.

ఆయనకు సైకిల్ అంటే ప్రాణం. గనిలో రక్షణ వారోత్సవాలప్పుడు పెట్టే స్లో సైకిల్ రేసులో వరసగా ఏడేళ్లు ఆయనే ఫస్టు. అందరికంటే ఆఖరున వచ్చినవాడు గెలిచే పందెం అది, కాలు మాత్రం నేలకు తగలకూడదు. ఆ పందెం కోసమే బ్రహ్మ ఆయన్ని తీరిగ్గా తయారుచేశాడు. స్నానం, భోజనం, కోపం, అన్నీ ఆయనకు అదే వేగం. పొద్దున తిట్టాల్సిన తిట్టు సాయంత్రానికి గుర్తుచేసుకుని తిడతాడు.

"పోదామా?" అన్నాడు పేపరు మడిచి.

నాకు సైకిళ్లంటే ఆసక్తి లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ క్షణాన ఒక సంగతి తట్టింది. రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఎవరో సైకిల్ తొక్కుతుంటే చూడటానికి పోదామంటే, మా చుట్టాలలో ఏ ఒక్కరూ కారెక్కరు. ఈ భూమ్మీద వాళ్లు రామని చెప్పే ప్రయాణం ఇదొక్కటే. పోదామన్నాను. నేను అంత తొందరగా ఒప్పుకోవడం చూసి ఆయనకు అనుమానం కూడా వచ్చింది.

ప్లాను మొదలైంది. స్కూల్లో ఉన్న జిల్లా పటం, పైనా కిందా కర్రలున్న పెద్దది, హెడ్‌మాస్టరుకు ఏదో చెప్పి ఇంటికి తెచ్చాను. వంటింటి గుమ్మానికి వేలాడదీశాం. ఆ పదిరోజులూ అత్తమ్మ ఖమ్మం జిల్లాను పక్కకు తప్పించుకుని వంటింట్లోకి వెళ్లేది. ఆయన షిఫ్టు దిగి రాగానే పెన్సిలు పట్టుకుని పటం ముందు నిలబడేవాడు. మూడు రోజుల లీవు కోసం ఏడాదిలో తనకు ఇంకెన్ని మస్టర్లు, అంటే హాజరు రోజులు, పడాలో చూసుకుని, రెండు ఆదివారాలు డ్యూటీ చేశాడు. మొదటి రోజు రేసు వదిలేశాం. రెండో రోజు, అది గురువారం, పాల్వంచకీ సారపాకకీ మధ్య అడవిలో చూడాలి. శుక్రవారం భద్రాచలంలో వాళ్లు బయల్దేరేటప్పుడు చూసి, వెనకాలే చింతూరు దాకా పోయి, శనివారానికి ఇల్లు చేరాలి.

"సైకిల్ తొక్కెటోన్ని చూడనీకి కారుల పోతరా? గిదేం పిచ్చి?" అంది అత్తమ్మ. ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు, నేను పటం సరిచేశాను.

అసలు కష్టమంతా వాళ్లు ఎన్నింటికి ఎక్కడికి వస్తారన్న దగ్గర వచ్చింది. పేపర్లో టైము వేయలేదు. మా ఆయన గని లాగ్‌బుక్కులా గీతలు కొట్టి ఒక పట్టిక తయారుచేశాడు. చోటు, రాక, పోక, రిమార్కులు. కొత్తగూడెంలో ఎనిమిదికి బయల్దేరుతారనుకున్నాడు. ఇంటి నుంచి గనికి టిఫిన్ క్యారేజీతో తను తొక్కే వేగమెంతో రాసుకున్నాడు. వాళ్లకు క్యారేజీ ఉండదు కాబట్టి కొంచెం కలిపాడు. చాయ్‌కి అరగంట, పంక్చర్లకు అరగంట వేసుకున్నాడు. పోటీ కదా, ఇంకా స్పీడుగా రారా అని అడిగాను.

"వాళ్లు పైసలు తీసుకొని తొక్కెటోళ్లు. నౌకరి అది. నౌకరి చేసెటోడు ఎవడన్న జల్దీ చేస్తడా? షిఫ్టు అయిపోయెదాంక నింపాదిగ చేస్తడు," అన్నాడు.

ఇరవయ్యేళ్ల సర్వీసున్న మనిషి అంత నమ్మకంగా చెబితే కాదనడానికి నేనెవరిని? నేనూ జీతగత్తెనే. సరేనన్నాను. అడవిలో మేం ఎంచుకున్న చోటికి రేసు పదకొండున్నరకు వస్తుందని పట్టికలో పడింది.

ఇక చుట్టాల సంగతి. భద్రాచలం పోతున్నారట అన్న కబురు కొత్తగూడెం చేరడానికి ఒక్క పూట పట్టింది. ఆడబిడ్డ ఫోన్ చేసి తనూ, వాళ్లాయనా ఎక్కడ ఎక్కాలో చెప్పమంది. తప్పకుండా రమ్మన్నాను. ఎండలో మూడు గంటలు నిలబడాలి వదినె, కూర్చోవడానికి ఏమీ ఉండదు, సైకిళ్లు వచ్చి ఒక్క నిమిషంలో పోతాయి, మళ్లీ మర్నాడు అదే, అన్నాను. వాళ్లాయనకు మోకాలు బాగాలేదన్న సంగతి ఆమెకు అప్పటికప్పుడు గుర్తొచ్చింది. పక్క క్వార్టర్ల వాళ్లూ అంతే, అందరూ రామన్నారు. కానీ భద్రాచలం పోయే బండిని మా దగ్గర ఉత్త చేతులతో వదలరు. రానివాళ్లు కొబ్బరికాయ పంపుతారు. ఇంటిపేరు, గోత్రం చీటీ మీద రాసి కాయకు రబ్బరు బ్యాండుతో కట్టి ఇచ్చారు. పదకొండు కాయలయ్యాయి. నలుగురు మనుషులకంటే పదకొండు కాయలు నయమని డిక్కీలో వేశాను. కాయలు సలహాలు చెప్పవు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు అత్తమ్మ, "నేను గూడ వస్త," అంది. "మూడు దినాలు ఒక్కదాన్ని ఇంట్ల ఏం చెయ్యాలె?"

ఆమె మాట న్యాయమే. అయితే ముందు సీటు ఆమెది. ఆమె ఉంటే రోడ్డు పక్కన కనబడ్డ ప్రతి గుడి దగ్గరా దిగాలి, ప్రతి చోటా అదే మొక్కాలి, నా తల మీద చెయ్యి పెట్టి వంగోబెట్టి మరీ మొక్కిస్తుంది. మా ఆయన వైపు చూశాను. ఆయన పటం వైపు చూశాడు. నా ప్రయాణం అక్కడితో అయిపోయిందనుకుని పెరట్లోకి పోయి బట్టలు ఉతికాను. అవసరానికి మించి ఉతికాను. ఒక జాకెట్టు చేతి దగ్గర చిరిగింది కూడా.

మర్నాడు ఆమె పటం పక్కన అంటించిన పట్టిక ముందు చాలాసేపు నిలబడింది. చదువు రాదు, కొడుకుతో చదివించుకుంది. "మూడు దినాలు సైకిళ్లే చూస్తే నాకు కండ్లు తిరుగుతయి, నేను రాను," అంది. దర్శనం మాత్రం తప్పకుండా చేసుకోమని, మొక్కు మర్చిపోవద్దని నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపాను. లోపల ఎంత సంతోషమేసిందంటే, నాకే సిగ్గనిపించింది. పాపం, మాకోసం ఆమే పులిహోర కలిపి కట్టింది.

గురువారం పొద్దున కారు ముందు సీట్లో కూర్చున్నాను. కాళ్లు చాపుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు. అశ్వాపురం దాటి, సారపాక దగ్గర పాల్వంచ రోడ్డుకు తిరిగి, ఆయన తన వేగాన తను నడుపుతూ పోతుంటే రెండు ఎడ్లబండ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయాయి. పదిన్నరకు అడవిలో ఒక చాయ్ హోటల్ ముందు ఆగాం. పాక, రెండు బెంచీలు, ఒక పెద్దావిడ. పట్టిక ప్రకారం గంట ముందే వచ్చామని ఆయనకు గర్వం. గొడుగు తీశాడు, చాప పరిచాడు, మంచి చోటు ఎవరైనా ఆక్రమిస్తారేమోనని రోడ్డు వారన చెప్పులు విడిచి పెట్టాడు. అక్కడ మేం తప్ప ఎవరూ లేరు.

ఎవరి కోసమని పెద్దావిడ అడిగింది. సైకిళ్ల కోసమన్నాం.

"వాళ్లు పోయి రెండు గంటలాయె," అంది ఆమె.

మా ఆయన నమ్మలేదు. అవి వేరే సైకిళ్లయి ఉంటాయన్నాడు. ఆమెకు కోపమొచ్చింది. తొమ్మిదన్నా కాలేదట, పోలీసు జీపు ముందు, ఒక గుంపు గాలిలా పోయారట. కాలినడకన భద్రాచలం పోయే భక్తులకు ఆ ఊరి ఆడవాళ్లు కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోస్తారు. వీళ్లూ అలాంటి స్వాములే అయి ఉంటారని పసుపు నీళ్ల బిందెలతో రోడ్డు మీదకొచ్చారట. ఒక్కడు ఆగితే ఒట్టు. ఆఖరున ఒక తెల్లపిల్లగాడు మాత్రం ఒగర్చుకుంటూ, పక్కకు తిరిగి, వంగి, నెత్తి మీద పోయించుకుని దండం పెట్టి పోయాడట. వాళ్ల లాగుల గురించి ఆమె చెప్పింది నేనిక్కడ రాయను.

"నౌకరి చేసెటోళ్లు గంత జల్దీ ఎందుకు తొక్కుతరు?" అన్నాడు మా ఆయన, ఆమెతో కాదు, నాతోనూ కాదు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. చాప మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన పట్టిక తీసి, రాక అన్న గడిలో పదకొండున్నర కొట్టేసి ఎనిమిదీ నలభై అని దిద్ది, రిమార్కుల్లో ఏమీ రాయకుండా జేబులో పెట్టుకున్నాడు. అది చూసి ఇంకా నవ్వాను. చివరికి ఆయనా నవ్వాడు, తన వేగాన, కొంచెం ఆలస్యంగా.

ఇక చెయ్యడానికి ఏ పనీ లేదు. పులిహోర తిన్నాం. టేకు చెట్ల కింద చాప జరుపుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ఆయన గనిలో కొత్తగా వచ్చిన మోటారు గురించి చెప్పాడు, నేను మా హెడ్‌మాస్టరు నడక చేసి చూపించాను. చాయ్ పెద్దావిడ పిల్లలెంతమందని అడిగింది. లేరన్నాను. అట్లనా అని, చాయ్‌లో చక్కెర సరిపోయిందా అంది. సలహా చెప్పలేదు. పదమూడేళ్లలో ఆ రోజంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. చూడటానికొచ్చింది చూడలేదు, అడగాల్సింది ఎవరినీ అడగలేదు, ఆయన నా పక్కన ఉన్నాడు.

భద్రాచలంలో వంతెన దాటగానే ఒక లాడ్జిలో దిగాం. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి ఆయన గదిలో లేడు. కింద కారు డిక్కీ తెరిచి చూస్తే కాయలూ లేవు. గుడికి పోయాడు. నాతో చెప్పకుండా పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆగలేకపోయాడా? నన్ను ఒక్కసారి వదిలేస్తే ఆ రాములవారికి పోయేదేముంది? నుదుట బొట్టు, చేతిలో ప్రసాదంతో ఆయన మెట్లెక్కి వస్తుంటే, అక్కడే నిలబెట్టి, ఏం మొక్కుకున్నారని అడిగాను.

ఆయన తీరిగ్గా మంచం మీద కూర్చున్నాడు. పదకొండు కాయలూ పదకొండు గోత్రాలతో కొట్టించాడట. అందరి కాయలూ అయ్యాక, మరి మీ సంగతేమిటని పంతులు అడిగాడట.

"రేపు సైకిళ్లు ఎన్ని గంటలకు పోతయని అడిగిన," అన్నాడు.

"దేవుణ్నా?"

"పంతుల్నే. ఏడున్నరకట. ఆయన గూడ చూడనీకి వస్తనన్నడు."

ఆ గుడిలో మేం అడిగినదానికి అక్కడికక్కడే జవాబు దొరకడం అదే మొదటిసారి. నా కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. ప్రసాదం ఇద్దరం సగం సగం తిన్నాం.

శుక్రవారం ఆరు గంటలకే పోయి తాడు పక్కన నిలబడ్డాం. ఈసారి వాళ్లు కనిపించారు. జెండా ఊపడానికి ముందు ఒక పిల్లవాడు రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉంచి, సైకిల్‌ను కదలకుండా నిలబెట్టాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని అది స్లో రేసులో తను చేసేదే అన్నాడు. ఆ పిల్లవాడి వైపు చూసి, ఒక పనివాడు ఇంకో పనివాడిని చూసి ఊపినట్టు తలూపాడు. జెండా ఊగింది. అందరూ కలిసి నిమిషంలో సగం కూడా పట్టకుండా కనుమరుగయ్యారు. వెనకాలే పోయే పని పెట్టుకోలేదు. చింతూరు దాకా మా వేగాన మేం పోయి, శబరి ఒడ్డున కూర్చుని, అక్కడే ఒక రాత్రి ఉండి, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరాం.

అత్తమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. సైకిళ్లు ఎట్లున్నయని అడగలేదు. నేను మెట్టు మీద కూర్చోగానే, "ఏం మొక్కిన్రు?" అంది.

ఎప్పుడూ చెప్పే అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. మంచి సంతానం కావాలని మొక్కానంటే ఆమె తృప్తిగా తలూపుతుంది, అంతటితో అయిపోతుంది. ఆయన కారులోంచి గొడుగు దించుతూ మా మాటలు వింటున్నాడు. ఏమయిందో తెలియదు, ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఏం మొక్కలే అత్తమ్మా. ఇగ మొక్కను."

ఆమె చేతులు ఆగాయి. "వాడు?"

"ఆయన గూడ."

ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను. ఆమె చేతికంటిన చింతపండు చేట అంచుకు తుడుచుకుంది.

"నేను మొక్కుడు బందువెట్టి రెండేండ్లాయె బిడ్డా," అంది. "మీరింక ఆశ మీద ఉన్నరని, మీకు బాధయితదని ఉపాసాలు ఉంటున్న."

ముందు నాకు కోపమే వచ్చింది. రెండేళ్లు! ఆమె మనసు కష్టపడుతుందని నేను పస్తులున్నాను, మా ఇద్దరి మనసూ కష్టపడుతుందని ఆయన ఉన్నాడు, మాకోసం ఆమె ఉంది. దేవుడి కోసం ఉన్నవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. ఆ మాటే గట్టిగా అనబోయి, ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఈసారి ఆమె నా తల వంగోబెట్టలేదు, నిమిరింది.

తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి, లోపలికి పోయి, ముగ్గురికీ సరిపడా బియ్యం కడిగి ఎసరు పెట్టింది. శనివారం సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.